డెనీస్ ఎందుకు పారిపోలేదు

మైత్రి అప్పీలు లాయరైనప్పటినుంచీ కూతురి ఉద్యోగం మీద ఫణికి మనసు కుదరలేదు. నోవై ఊళ్ళో కార్ల బ్రేకులు డిజైన్ చేసే మనిషికి, జైల్లో ఉన్నవాళ్ళ తరఫున వాదించడమేమిటో అంతుపట్టేది కాదు. అయినా ఆ ఉదయం మంచు కురుస్తోంటే కూతుర్ని ఒంటరిగా పంపలేక, ఆఫీసుకు సెలవు పెట్టి తనే లాన్సింగ్‌లోని అప్పీలు కోర్టుకు బయల్దేరదీశాడు.

దారిలో కేసేమిటని అడిగాడు. మైత్రి చెప్పింది. తను వాదిస్తున్నది డెనీస్ అనే అమ్మాయి తరఫున. ఆమెను పాత స్నేహితుడు తుపాకీతో బెదిరించాడు. చెప్పినట్టు కారు నడపకపోతే వెనక సీట్లో ఉన్న ఆమె పసిబిడ్డను చంపుతానన్నాడు. ఆ కారులోనే వెళ్ళి ఒక దుకాణం దోచాడు. ఇద్దరూ దొరికారు, ఆమెకూ జైలుశిక్ష పడింది. ప్రాణభయంతో తప్పనిసరై చేసిన పనిని చట్టం మన్నిస్తుంది. కానీ ఆ సంగతి జ్యూరీకి చెప్పడానికే కింది కోర్టు జడ్జి ఒప్పుకోలేదు. దోపిడీకి ముందు పెట్రోలు కోసం ఆగినప్పుడు ఆమె గ్యాస్ స్టేషన్లోకి ఒక్కతే వెళ్ళిందనీ, తప్పించుకునే వీలుండి కూడా తప్పించుకోలేదనీ అన్నాడు.

ఫణికి ఆ జడ్జి మాటే సబబనిపించింది.

"క్యాషియర్‌కి ఒక్క ముక్క చెప్తే పోయేదిగా అమ్మా?"

"పాప కార్‌లో ఉంది నాన్నా. వాడి పక్కన."

"అయినా సరే, పోలీసులొచ్చేవాళ్ళు కదా."

మైత్రి విసురుగా ఫైలు తెరిచి కాగితాల్లో తలదూర్చింది.

కాసేపటికి ఫణి పెట్రోలు కోసం ఓ గ్యాస్ స్టేషన్లో ఆపాడు. పంపు కార్డు తీసుకోకపోతే డబ్బు కట్టడానికి లోపలికి వెళ్ళాడు. వరుసలో నిలబడి అద్దంలోంచి చూశాడు. కారులో మైత్రి తల వంచుకుని, పెదవులు కదుపుతూ వాదన వల్లె వేసుకుంటోంది. ఆ పక్క సీట్లో తుపాకీ పట్టుకున్న మనిషిని ఊహించుకున్నాడు. క్యాషియర్ రెండుసార్లు పిలిస్తే గానీ ఈ లోకంలోకి రాలేదు.

వచ్చి కాఫీ ఆమె చేతికిచ్చాడు. "ఇందాక నేనన్నది తప్పురా. నేనైనా నోరు విప్పేవాణ్ణి కాదు."

మైత్రి ఆయన వంక చూసి మెల్లగా నవ్వింది. "కోర్ట్‌లో ఆ క్వశ్చన్ ఎలాగూ వస్తది నాన్నా. నువ్వు అడుగుతూనే ఉండు, నేను ప్రాక్టీస్ చేస్తా."

లాన్సింగ్ వచ్చేదాకా ఫణి గొంతు పెద్దది చేసి జడ్జిలా గద్దిస్తూనే ఉన్నాడు.

కోర్టులో అనుకున్నట్టే ముగ్గురు జడ్జీల్లో ఒకాయన అదే అడిగాడు. తల్లి దాటిరాగలిగిన కారు తలుపును పసిబిడ్డ దాటలేకపోయిందని మైత్రి తొణక్కుండా చెప్పింది. దొరికిన ప్రతివాడూ బెదిరించారనే అంటాడు కదా అంది ఇంకో జడ్జి. నమ్మాలో వద్దో తేల్చాల్సింది జ్యూరీ అనీ, వాళ్ళకా అవకాశమే దక్కలేదనీ మైత్రి బదులిచ్చింది. వెనక బల్ల మీద కూర్చున్న ఫణికి, తన పిల్లను కొత్తగా చూస్తున్నట్టనిపించింది.

వసంతంలో తీర్పు వచ్చింది. శిక్ష కొట్టేసి, కేసు మళ్ళీ మొదటినుంచి నడపమన్నారు. ఫణి బంధువులందరికీ ఫోన్లు చేసి మా అమ్మాయి గెలిచిందని చెప్పుకున్నాడు. ఇంకా గెలవలేదనీ, కొత్త జ్యూరీ ముందు వాదించేది వేరే లాయరనీ మైత్రి సర్దిచెప్పబోయింది.

"మరి నువ్వెళ్ళవా?"

"వెళ్తా. డెనీస్ రమ్మంది. ఊరికే పక్కన కూర్చోడానికి."

"ఆ పాప కోర్టులో ఏడిస్తే డెనీస్‌కి ఇబ్బంది కదా. నేనూ వస్తా. బయట ఎత్తుకుని తిప్పుతుంటా."