లోబాల్‌లో వరస

గార్డెనా ఊళ్ళో చక్రాల మీద నిలిపే ట్రెయిలర్ ఇళ్ళ పేటలో పేకాట మీద సందేహమొస్తే ఆర్విల్ స్టామ్‌నే అడిగేవారు. విమానాల ఫ్యాక్టరీలో రిటైరైన మనిషి. గురువారం మధ్యాహ్నం ఆయన వంటింటి బల్ల చుట్టూ పేట పెద్దలు చేరేవారు. ఆడేది చిల్లర డబ్బులకే అయినా పట్టుదలలు మాత్రం పెద్దవి.

మొగుడు పోయిన వెర్నా ప్రూయిట్‌కు ఆట నేర్పిందీ ఆయనే. పోకర్‌లో ముందు డ్రా అనే ఆట నేర్పాడు: అయిదు ముక్కలు పంచాక, అక్కర్లేనివి పడేసి కొత్తవి తీసుకోవడం. తరవాత స్టడ్: కొన్ని ముక్కలు అందరికీ కనబడేలా, కొన్ని బోర్లా. చివరికి లోబాల్.

"ఇందులో అంతా తలకిందులండీ. చిన్న ముక్కలున్నవాడిదే గెలుపు. జత పడిందా, చేయి చెడినట్టే."

"అయితే నా అదృష్టానికి సరిపోయే ఆటే," అంది వెర్నా.

మామూలు ఆటలో గెలిపించే వరస పడినా, ఒకే రంగు కలిసినా లోబాల్‌లో చేయి చెడదనీ, ఆసు నుంచి అయిదు దాకా పడితే అంతకు మించిన చేయి లేదనీ చెప్పడం ఆయన మరిచిపోయాడు. అది మరుపే. తప్పు తరవాత జరిగింది.

ఆ గురువారం వెర్నా వరసగా గెలుస్తోంది. పక్కింటి నాచో ఐబార్రా ఊరుకోలేదు. "ఏం గురువా, ఫీజు తిరిగిచ్చేస్తావా?" అన్నాడు. అందరూ నవ్వారు. ఆర్విల్ కూడా నవ్వాడు గానీ చెవులు వేడెక్కాయి.

తరవాతి ఆటలో మిగతావాళ్ళు తప్పుకుని వాళ్ళిద్దరే మిగిలారు. ఆర్విల్ చేతిలో పెద్ద ముక్క ఎనిమిది. వెర్నా ఒక ముక్క మార్చుకుని, చూసుకుని, నిట్టూర్చి, గురువు కదా అని తన చేయి ఆయన వైపు వంచి చూపించింది. ఆసు, రెండు, మూడు, నాలుగు, అయిదు.

"వరస పడి చచ్చింది. పోయినట్టేగా?"

ఆర్విల్ తల ఊపాడు.

ఆవిడ ముక్కలు బోర్లా పడేసింది. ఆయన వాటిని గబగబా పేకలో కలిపేసి, చిల్లర తన వైపు లాక్కున్నాడు. "చూశావా, గురువు గురువే," అన్నాడు నాచో.

మర్నాడు వెర్నా పీచ్ పళ్ళు నింపిన తీపి రొట్టె చేసి తెచ్చింది. "ఇంత ఓపిగ్గా నాకెవరూ ఏదీ నేర్పలేదండీ," అంది. ఆయన దాన్ని తినలేక పక్కన పెట్టేశాడు. చెబుదామని రెండుసార్లు ఆవిడ గుమ్మం దాకా వెళ్ళి, వాతావరణం గురించి మాట్లాడి తిరిగొచ్చాడు.

ఆదివారం వెర్నా సరదాపడితే పేకాట క్లబ్బుకు తన కార్లో తీసుకెళ్ళాడు. లోబాల్ బల్ల దగ్గర ఆవిడ కూర్చుంది, ఆయన వెనక నిలబడ్డాడు. కాసేపటికి మళ్ళీ అదే చేయి పడింది. ఆర్విల్ నోరు తెరిచేలోపే ఆవిడ దాన్ని పడేసింది. ఒక ముక్క తిరగబడితే పక్కనున్న లావుపాటాయన మిగతావీ తిప్పి చూశాడు.

"ఇంతకన్నా గొప్ప చేయి లేదు కదమ్మా. ఎవరు నేర్పారు నీకు?"

బల్లంతా నవ్వింది. వెర్నా ముఖం కందిపోయింది. "ఆయన సరిగ్గానే చెప్పారు. నేనే మరిచిపోయుంటాను," అంది.

ఆర్విల్‌కు నేల విచ్చుకుంటే బాగుండుననిపించింది. ఆవిడను కాఫీ తాగడానికి పక్కకు పిలిచి, నేల చూస్తూ చెప్పాడు. "మీరు మరిచిపోలేదు. నేను చెప్పలేదు. గురువారం మీరు చేయి చూపించినప్పుడు… తెలిసే తల ఊపాను."

"తెలిసే?"

"తెలిసే."

వెర్నా కప్పు పక్కకు జరిపింది. "అడిగితే ఆ చిల్లర నేనే ఇచ్చేదాన్ని కదండీ," అంది. తిట్టినా ఆయనకంత బాధ ఉండేది కాదు. ఇంటికి ఆవిడ బస్సులో వెళ్ళింది.

తరవాతి గురువారం ఆర్విల్ జరిగింది అందరి ముందూ చెప్పేశాడు. వెర్నా వచ్చింది, ఆడింది, ఆయన్ని ఎప్పట్లాగే పలకరించింది కూడా. కానీ ఆట మధ్యలో సందేహమొచ్చినప్పుడు తన ముక్కలు గుండెకు ఆనించుకుని, నాచో వైపు తిరిగి అడిగింది.

జవాబు ఆర్విల్‌కు తెలుసు. తల దించుకుని తన ముక్కలు సర్దుకుంటూ కూర్చున్నాడు.