ఇల్లుబండి కప్పు మీద ఉడుము

మా భీమారావుకి నా మాటల మీద మొదటినుంచీ నమ్మకం లేదు. సింగపూర్‌లో, సెంబవాంగ్ ఓడల యార్డులో ఇద్దరం ఒకే షెడ్డులో పనిచేసే రోజుల్లో, ఒక మధ్యాహ్నం కురిసిన వాన గురించి చెబుతూ, రేకుల మీద చినుకుల దరువుకి లోపల బిగించిన బోల్టులు వాటంతట అవే ఊడి చేతిలో పడ్డాయన్నాను. అతను టీ గ్లాసు కింద పెట్టి, "ఎంత తగ్గించి వినమంటావు బావా? సగమా, ముప్పాతికా?" అన్నాడు. అప్పటినుంచి నేనేం చెప్పినా అదే ప్రశ్న. ఇవాళ ఎండగా ఉందన్నా అందులో సగం తీసేసి, మిగిలిన సగానికి గొడుగు పట్టుకుని బయల్దేరే మనిషి.

అలాంటివాడి దగ్గర అబద్ధంలాంటి వస్తువు ఒకటుండేది. చోవా చూ కాంగ్ అవతల ఆర్కిడ్ పూల తోటలో, రిటైరయ్యాక అతను రాత్రి కావలి కాసేవాడు. ఆ తోట మూల రేకుల షెడ్డు పక్కన ఒక పెద్ద తెల్ల వ్యాను నిలబడి ఉండేది. లోపల మంచం, గ్యాసు పొయ్యి, చేతులు కడుక్కునే తొట్టి, నడినెత్తిన గాలికోసం తెరిచే చిన్న కిటికీ. యార్డులో ఫోర్‌మన్‌గా చేసిన తెల్లదొర ఒకాయన సరదాపడి కట్టించుకుని, దేశం వదిలిపోతూ దాని తాళం భీమారావు చేతిలో పెట్టాడు. మేం దాన్ని ఇల్లుబండి అనేవాళ్ళం. ఈ ఊళ్ళో మనబోటివాడికి సైకిలుంటేనే గొప్ప, వీడికి వంటిల్లుకి కూడా చక్రాలున్నాయని నేను ఏడిపించేవాణ్ణి.

దొర పోతూ పోతూ ఒక్కమాటే చెప్పాడట. ఇంజను ఆగితే ఎవడైనా బాగుచేస్తాడు, కప్పు కారితే మాత్రం బండి లోపలినుంచి చచ్చిపోతుంది అని. ఆ కప్పు రేకు కాదు. చెక్క మీద తెల్లటి రబ్బరు పొర పరిచి అతికించారు. అంచుల్లోనూ, కిటికీ చుట్టూ, మరమేకుల తలల మీదా నీరు దిగకుండా చిక్కటి సీలెంట్ పోసి ఉంటుంది. ఎండకి అది బీటలు వారుతుంది. ఏటా పెద్ద వానలు దిగేముందు భీమారావు వెనక నిచ్చెన ఎక్కి, కప్పు సబ్బునీళ్ళతో కడిగి, ప్రతి అంచూ వేలితో తడిమి, బీట తగిలినచోట పాతది గీకి కొత్తది పోసేవాడు. తన తలని కూడా అతను అంత శ్రద్ధగా చూసుకోలేదు. చూసుకోవడానికి అక్కడ మిగిలిందీ లేదనుకోండి.

నిరుడు మాత్రం ఎక్కలేదు. ఆ రోజుల్లోనే అతని భార్య సూరమ్మకి వెన్నులో గడ్డకి ఆపరేషన్ చేశారు.

సూరమ్మ మలేషియాలో పుట్టింది. పెరాక్ రాష్ట్రంలో బాగన్ డాటో అని, సముద్రం ఒడ్డున కొబ్బరితోటల ఊరు. తాతలనాడు మన కోస్తానుంచి వెళ్ళినవాళ్ళు అక్కడ పేటలు పేటలుగా ఉన్నారు. పెళ్ళయి సింగపూర్ వచ్చి యీషున్ ఫ్లాట్‌లో స్థిరపడిందిగానీ, మాటలో ఆ తోటల యాస పోలేదు. పిల్లల్లేరు. ఆ లోటు తీర్చడానికా అన్నట్టు, కంప్యూటర్ల హడావుడి మొదలయ్యాక మన కుర్రాళ్ళు విమానాలనిండా దిగారు. ఒక్కో ఫ్లాట్‌లో ఆరుగురు, ఏడుగురు. కౌశల్ అనే గుంటూరు కుర్రాడు వీళ్ళింట్లోనే ఒక గది అద్దెకి తీసుకున్నాడు. వాడికి ఒకరోజు సూరమ్మ గుమ్మడి వడియాలు వేయించి పెట్టింది. వాడు రెండు పొట్లాలు కట్టుకుని తంజోంగ్ పగార్‌లో తన ఆఫీసుకి పట్టుకెళ్ళాడు. అంతే, ఆ వారంనుంచి ఇంటికి రాని తెలుగు కుర్రాడు లేడు.

"ఆంటీ, స్టాక్ అయిపోయింది ఆంటీ. మా టీమ్ లీడ్ కూడా అడుగుతున్నాడు, ప్లీజ్."

"మీ అమ్మలు వడియాలు పెట్టడం మానీసి మిమ్మల్ని నా మీదికి తోలీసినారేటిరా?" అని తిట్టేది. తిట్టి, ఇంకో గుమ్మడికాయ తెమ్మనేది.

ఫ్లాట్‌లో ఎండ ఎక్కడిది? కిటికీ బయట కర్ర మీద చీర ఆరుతుందిగానీ వడియం ఆరదు. అందుకని పగలు తోటకి వచ్చేది. రాత్రంతా మెలకువగా ఉన్న భీమారావు షెడ్డులో నిద్రపోతుంటే, ఆమె ఇల్లుబండి ఎక్కి కప్పు మీద వడియాలు ఆరబెట్టేది. ఆపరేషన్ తర్వాత కాస్త కోలుకున్న ఈ ఏడు ఇంకా ఎక్కువ పెట్టింది. ఉప్పు రాసిన మామిడి ముక్కలు కూడా ఎక్కించింది. ఆ వయసులో ఆ నిచ్చెనేమిటి చెల్లెమ్మా, కింద ఎవరైనా సర్కస్ టికెట్లు అమ్ముతున్నారా అని అడిగాను ఒకసారి. "నీకు ఊరికే పాసిస్తాను లే అన్నయ్యా" అంది.

వర్షాలు మొదలవబోతుండగా ఆ గడ్డ మళ్ళీ వచ్చింది. ఈసారి డాక్టర్లు కత్తి తియ్యలేదు. ఇంటికి తీసుకెళ్ళండి, ఏం తినాలంటే అది పెట్టండి అన్నారు. ఆమె తిండి అడగలేదు. బాగన్ డాటోలో ఉన్న చెల్లెలు ఈరమ్మని చూడాలంది. ఈరమ్మకి చూపు పోయింది, తుంటి విరిగి మంచం దిగదు. ఆవిడ రాలేదు. సూరమ్మ కూర్చోలేదు కాబట్టి బస్సు, రైలు, విమానం ఏవీ పనికిరావు. అంబులెన్సు సరిహద్దు దాటదన్నారు. పడుకోబెట్టి తీసుకెళ్ళగలిగింది ఒక్క ఇల్లుబండే. దానికీ ఇక్కడి సర్కారిచ్చే పదేళ్ళ అనుమతి నవంబరుతో తీరిపోతుంది. ఆ తర్వాత తుక్కుకి అప్పగించాల్సిందే.

"నవంబరుదాకా ఉంటదో లేదో" అన్నాడు భీమారావు, బండి గురించి కాదు.

తొలి వానకే మంచం తడిసింది. నేను వెళ్ళేసరికి అతను పరుపు తీసి బయట ఆరేసి, లోపల పైచెక్కని బొటనవేలితో నొక్కి చూస్తున్నాడు. మగ్గిన అరటిపండులా వేలు లోపలికి దిగింది. ఇద్దరం నిచ్చెన ఎక్కాం. ముసలాళ్ళం, ఒకరి మోకాళ్ళ చప్పుడు ఒకరికి వినిపిస్తోంది.

పైకెక్కిన భీమారావు మోకాళ్ళ మీద అలాగే ఉండిపోయాడు.

కప్పునిండా బుడిపెలు. చిన్నచిన్నగా, గుండ్రంగా, వరసలు వరసలుగా. రబ్బరు చెక్కని వదిలేసి ఉబ్బింది, వేడి నూనెలో వేసిన వడియాలు పొంగినట్టు. కిటికీ చుట్టూ సీలెంట్ మెత్తబడి జారిపోయింది. ఆ పక్కన మామిడి ముక్కలు ఆరబెట్టినచోట మరమేకుల తలలు తుప్పుపట్టి ఎర్రగా కారాయి. అతను ఒక బుడిపె మీద గోరు గీకి ముక్కు దగ్గర పెట్టుకున్నాడు. తర్వాత ఆ వేలు నా ముక్కు దగ్గర పెట్టాడు. నువ్వులనూనె.

"చాప పరిచి పెట్టమని చెప్పినాను" అన్నాడు.

చాప మీద పెడితే అంటుకుపోతాయని సూరమ్మకి అనిపించి ఉంటుంది. కళ్ళెదుట ఇంత తెల్లటి, నున్నటి పొర. మనవాళ్ళు ప్లాస్టిక్ కాగితానికి రాసినట్టే దానికి నూనె రాసి, ఆ రబ్బరు మీదే నేరుగా వడియాలు పెట్టేసింది. ఒకరోజు కాదు, రెండేళ్ళు. ఆ రబ్బరు నూనె తాగింది. ఉప్పు మరమేకుల కన్నాల్లోంచి చెక్కలోకి దిగింది.

"దానికి తెలియనివ్వకు" అన్నాడు భీమారావు, కిందికి చూస్తూ. "తన బండిని తనే పాడు చేసుకున్నానని తెలిసిందంటే ఈరమ్మ మాటే ఎత్తదు. ఇప్పటికే అందరికీ బరువైపోయానంటది. నువ్వేదో ఒకటి చెప్పు బావా. నీకు అలవాటే కదా."

ఇన్నేళ్ళలో అతను నన్ను అబద్ధం చెప్పమని అడగడం అదే మొదలు.

సాయంత్రం యీషున్ వెళ్ళాం. సూరమ్మ పక్కకి ఒత్తిగిలి పడుకుని ఉంది. పిడికెడు మనిషైపోయింది.

"ఏటి అన్నయ్యా, కప్పుకేటైంది?"

భీమారావు కాళ్ళు కడుక్కునే వంకన లోపలికి తప్పుకున్నాడు.

"ఏం చెప్పమంటావు చెల్లెమ్మా. ఉడుము" అన్నాను.

"బియావాకా?" ఆమెకి ఉడుమంటే మలాయి మాటే ముందొస్తుంది.

"దాన్ని బియావాక్ అంటే చిన్నబుచ్చుకుంటుంది. నా అంత పొడుగుంది. రోజూ మీ ఆయన నిద్రపోగానే కాలవలోంచి వచ్చి, మెట్టు మెట్టూ నిచ్చెనెక్కి, కప్పు మీద బోర్లా పడుకుని ఎండ కాచుకునేదట. ఊరికే పడుకుంటుందా, గోళ్ళతో రబ్బరంతా పీకింది. దిగమ్మా అంటే మా వంక చూసి, కిటికీ మూత వేసి మరీ దిగింది."

ఆమె నవ్వింది. నవ్వు నడుముకి తగిలి కళ్ళు మూసుకుంది. "నవ్వించకు అన్నయ్యా. ఎంత తగ్గించమంటావు?"

లోపలినుంచి భీమారావు అన్నాడు, "తగ్గించక్కర్లేదు. నేనూ చూశాను."

సూరమ్మ కళ్ళు తెరిచి తలుపు వైపు చూసింది. చాలాసేపు చూసింది.

మర్నాటినుంచి ఇద్దరం కప్పు మీదే ఉన్నాం. సబ్బుతో కడిగాం, గీకాం, ఆరనిచ్చాం, కొత్త సీలెంట్ పోశాం. తెల్లారి చూస్తే అది పాల మీద మీగడలా వేలికి లేచి వచ్చేసింది. నూనె పైన ఉంటే కడగొచ్చు, రబ్బరు లోపల ఉంటే ఏం కడుగుతాం? కొత్త రబ్బరు తెప్పించాలంటే ఓడ రావాలి. అంత వ్యవధి లేదు. చివరికి పెద్ద నీలం టార్పాలిన్ తెచ్చి, బండికి కప్పి, తాళ్ళతో బిగించాం. నేను ఎగతాళి చెయ్యడానికి నోరు తెరిచి, అతని మొహం చూసి మూసుకున్నాను.

ఎండ కాసిన ఒక పొద్దున్న బయల్దేరాం. కౌశల్ సూరమ్మని ఎత్తి మంచం మీద పడుకోబెట్టాడు. "ఆంటీ, వచ్చేటప్పుడు మీ చెల్లి చేతి పచ్చడి తేవాలి" అన్నాడు. ఆమె వాడి చెంప తట్టింది. భీమారావు స్టీరింగ్ దగ్గర, నేను వెనక ఆమె పక్కన. తువాస్ వంతెన మీదుగా మలేషియాలోకి దాటాక ఆమె కిటికీలోంచి పామాయిల్ తోటలు చూస్తూ, చెల్లెలు చిన్నప్పుడు కొబ్బరిచిప్పలో చేపపిల్లల్ని పెంచిన సంగతి చెప్పింది.

ఆయర్ హితాం దాటకముందే ఆకాశం నల్లబడింది. ముందు గాలి వచ్చింది. తాడు ఒకటి తెగిన చప్పుడు, టార్పాలిన్ కొట్టుకుంటున్న చప్పుడు, తర్వాత ఆ చప్పుడు కూడా లేదు. వాన మొదలైంది. నెత్తిమీద చెక్క ముదురు రంగుకి తిరిగింది. మొదటి చుక్క సూరమ్మ పెదవి మీద పడింది. నేను గిన్నె పట్టేలోగా రెండోది, మూడోది. ఆమె నాలికతో పెదవి తుడుచుకుంది.

"అన్నయ్యా" అంది మెల్లగా, "ఆ బియావాక్ ఉప్పు కూడా మోసుకొచ్చిందేటి?"

నేను తల వంచుకుని గిన్నె సరిగా పట్టుకున్నాను. మా ఊరి బడిలో మాస్టారు బెత్తం పట్టుకుని అడిగినప్పుడు కూడా ఏదో ఒకటి అల్లి చెప్పినవాణ్ణి.

"ఆయనతో అనకు" అంది. "నాకు తెలీదనే అనుకోనీ."

గిన్నె ఒకటే. కారే చోట్లు లెక్కలేదు. పరుపు తడిసింది, దుప్పటి తడిసింది, ఆమె దవడలు కొట్టుకోవడం మొదలైంది. నేను ముందువైపు చెక్క బాదితే భీమారావు బండి పక్కకి ఆపి, వెనక తలుపు తీసి, వానలోనే నిలబడి చూశాడు.

"ఇంకాసేపు ఓర్చుకో. ఇంత దూరం వచ్చీసినాం" అన్నాడు.

"ఈరమ్మకి కళ్ళు లేవు. చేత్తో తడిమి నన్ను చూసుకుంటది" అంది సూరమ్మ. "ఇలా తడిసి వణికే ఒళ్ళు దాని చేతికివ్వను. తిప్పీ."

భీమారావు నా వంక చూశాడు. ఏదైనా చెబుతానేమో అని. నేను గిన్నెలో నీళ్ళు బయట పారబోశాను. అతను బండి తిప్పాడు.

వారం తిరగలేదు. జ్వరం దిగనేలేదు. పోయేముందు ఫోను చెవి దగ్గర పెడితే, అటు ఈరమ్మ, ఇటు సూరమ్మ, ఒకరి ఊపిరి ఒకరు విన్నారు. కర్మ అయ్యాక కౌశల్ ఒక డబ్బా తెచ్చి బల్లమీద పెట్టాడు.

"అంకుల్, ఆంటీ లాస్ట్ టైమ్ ఇచ్చిన వడియాలు. మేం తినలేకపోతున్నాం. మీ దగ్గరే ఉంచండి."

"తీసుకుపోయి వేయించుకుని తినండిరా" అన్నాడు భీమారావు. "దానికోసమేగా పెట్టింది."

నెలాఖరున ఇల్లుబండిని తుక్కు యార్డుకి తోలుకెళ్ళాం. అక్కడ పనిచేసే మలాయి మనిషి నిచ్చెనేసుకుని కప్పు మీదికెక్కి, కాసేపు నిలబడి, ఇదేమిటి, ఈ బుడిపెలేమిటని కేకేసి అడిగాడు. నేను నోరు తెరవబోయాను. భీమారావు నా చెయ్యి పట్టుకుని ఆపాడు.

"బియావాక్" అన్నాడు పైకి చూస్తూ. తర్వాత మలాయిలో నిదానంగా చెప్పుకొచ్చాడు. చాలా పెద్దది. ఈ మనిషి అంత పొడుగు, అని నన్ను చూపించాడు. రోజూ పగలు నేను నిద్రపోయాక నిచ్చెనెక్కి పడుకునేది. తరిమితే పోయేది కాదు. పోనీలే, దానికి ఎండ కావాలి, ఇంకెక్కడికి పోతుంది అని నేనే ఊరుకున్నాను.

పైనున్న మనిషి నవ్వాడు. భీమారావు నవ్వలేదు. నేను ఏమీ తగ్గించకుండా విన్నాను.