మెడ తిరిగిన కోడి

బొమ్మలావిడకు రెగ్జిన్ అంటే అసహ్యం. అది తోలూ కాదు, గుడ్డా కాదు. వేసవిలో ముట్టుకుంటే ఎవరిదో చెమట పట్టిన చెయ్యి పట్టుకున్నట్టుంటుంది. అయినా ఏడేళ్లుగా ఆమె పనంతా దాని మీదే. చేతిసంచులు, పర్సులు, కళ్లజోళ్ల డబ్బాలు, డైరీ అట్టలు, తాళంచెవులకు తగిలించే బిళ్లలు, ఏది తెచ్చినా దాని మీద చేత్తో బొమ్మ వేసి ఇచ్చేది. ఆమె దగ్గరికి పూలూ తీగలూ కావాలని ఎవరూ వచ్చేవారు కాదు. "నన్నొక క్యారెక్టర్‌లా వేసిపెట్టండి, ఏదైనా జంతువులాగా, ముద్దుగా" అంటూ వచ్చేవారు. నలభై దాటినవాళ్లు, మనవలున్నవాళ్లు కూడా, ఆ "ముద్దుగా" అనే మాట దగ్గర గొంతు సన్నగా చేసేవారు. అది వినగానే ఆమెకు ఒళ్లు మండేది.

పని మాత్రం శ్రద్ధగా చేసేది. ముందు దూదిని గోళ్లరంగు తుడిచే మందులో ముంచి, ఫ్యాక్టరీవాళ్లు పెట్టిన మెరుపంతా రుద్ది తీసేసేది. అది తియ్యకపోతే నాలుగు రోజులకే రంగు మీగడలా లేచి వచ్చేస్తుంది. తర్వాత నీళ్లలా పల్చటి రంగు, జుట్టు ఆరబెట్టుకునే యంత్రంతో వేడి గాలి, మళ్లీ పల్చటి రంగు. అలా నాలుగు పూతలయ్యాక సంచి మూతను మడిచి, విప్పి, బొమ్మ మీద చీలిక కనబడుతుందేమోనని వెలుతురులో చూసేది. ఆమె చేసిన సంచి ఒక్కటీ పగిలి వెనక్కి రాలేదు. శ్రద్ధ వేరు, గౌరవం వేరు. మొదటిది ఆమెకు పుట్టుకతో ఉంది, రెండోది ఎవరి మీదా లేదు.

ఈ పనికి ముందు పద్దెనిమిదేళ్లు ఆమె ఒక ప్రెస్సులో చిత్రకారిణి. పశువుల ఆసుపత్రుల గోడలకు తగిలించే పటాలు అచ్చువేసే ప్రెస్సు అది. గాలికుంటు వచ్చిన ఆవు నోరు, గజ్జి పట్టిన కుక్క వీపు, కడుపుబ్బిన మేక, అన్నీ ఆమె చేతి మీదుగా గోడలెక్కాయి. డాక్టర్లు వచ్చి పక్కన నిలబడి, "ఇక్కడ వాపు ఇంకొంచెం, ఇక్కడ ఎరుపు తక్కువ" అని దిద్దించేవారు. అలా పదేళ్లు గడిచాక దిద్దడానికి వాళ్లకేమీ మిగల్లేదు. ఆ తర్వాత ప్రెస్సువాళ్లు బొమ్మలు మానేసి ఫొటోలు వెయ్యడం మొదలుపెట్టి, ఆమెకొక గోడగడియారం ఇచ్చి పంపించేశారు.

సంచుల పని మొదలుపెట్టించింది వదిన. భర్తకు సొంత అక్క. రెండు వీధుల అవతల ఇల్లు. పొద్దున్నే పార్కులో నడిచి, అటునుంచటే తమ్ముడింటికి వచ్చేది. గేటు దగ్గర మొదలైన మాట వంటింట్లోకి వచ్చాక కూడా అదే వాక్యంలో ఉండేది. ఫ్రిజ్ తెరిచి చూసేది. కూరగాయలు ఎలా సర్దుకోవాలో చెప్పేది. మరదలు వినడం లేదని ఆమెకు ఎప్పుడూ అనుమానం రాలేదు.

ఒకరోజు తన సంచే తెచ్చి ఒళ్లో పడేసింది.

"ఏమ్మా, ఊరికే కూర్చుంటే చేతులు మొద్దుబారిపోతాయి. దీని మీద నన్నేదైనా వెయ్యి. ముద్దుగా వెయ్యి, ఏం?"

కోడి వేద్దామనుకుంది బొమ్మలావిడ. అరుపుకు అదే సరిపోతుంది. శరీరం అయింది, కాళ్లయ్యాయి. మెడ దగ్గరికి వచ్చేసరికి చెయ్యి తనంతట తానే పాత దారి పట్టింది. కొక్కెర తెగులు వచ్చిన కోడికి మెడ మెలి తిరిగిపోతుంది, తల పక్కకు వాలి కన్ను ఆకాశంలోకి చూస్తుంది, ఒక రెక్క జారిపోతుంది. అలాగే వేసింది. పైన చిన్న ఎర్ర టోపీ, మెడలో పూసలు కూడా పెట్టింది. పూర్తయ్యాక చూసుకుంటే, ప్రెస్సు వదిలాక మొదటిసారి కడుపు చల్లగా అనిపించింది.

వదిన పొంగిపోయింది. "అబ్బ! ఎంత వయ్యారంగా మెడ తిప్పి చూస్తోందే! అచ్చం నేనే!"

ఆ వారంలోనే వదినతో కలిసి నడిచే పార్కు జట్టులో ఏడుగురు సంచులు పంపించారు.

ఆ తర్వాత ఆమె ఎవరికీ ఆరోగ్యం ఇవ్వలేదు. అందరి గుట్టూ అందరికీ చెప్పే బ్యాంకు ఉద్యోగిని గొర్రె అయింది. పెదవులు వాచి, నీలి నాలుక బయటికి వేలాడుతోంది. ఆవిడ ఆ నాలుకకు సరిపోయే రంగు చెప్పుల కోసం మూడు దుకాణాలు తిరిగింది. ఎప్పుడూ తలెత్తి నడిచే లెక్చరరు గుర్రం. చెవులు నిక్కబొడుచుకుని, తోక కర్రలా బిగిసి, నాలుగు కాళ్లూ నేలలో పాతినట్టు నిలబడిన ధనుర్వాతపు గుర్రం. "ఎంత ఠీవిగా ఉందో చూశారా?" అని ఆవిడ పదిమందికి చూపించుకుంది. కుట్టుమిషన్ల దుకాణం ఓనరమ్మకు కడుపుబ్బరం మేక. ఆవిడ కూతురు పెన్సిల్ పెట్టె మీద గజ్జి కుక్కపిల్ల. జుట్టు ఊడిన చోటల్లా బొమ్మలావిడ చిన్న చిన్న గులాబీ రంగు మచ్చలు వేస్తే, పిల్ల వాటిని చూసి, "హార్టులు!" అని గంతులేసింది.

కళ్లజోళ్ల కొట్టులో అద్దాలు అరగదీసే భర్త కూడా అప్పుడప్పుడూ వచ్చి ఆ బొమ్మల వైపు చూసేవాడు. "ఈ గొర్రె నవ్వుతోంది కదూ?" అన్నాడొకసారి. రోజంతా లోకానికి చూపు తయారుచేసి ఇచ్చే మనిషి!

ఎవరికైనా తెలిసిపోతుందన్న భయం ఆమెకు లేదు. వాళ్లకు తెలియదని తెలుసు. ఆ తెలియకపోవడమే ఆమెకు అసలైన కూలి. నాలుగో పూత ఆరబెడుతూ, వెధవల్లారా, అని మనసులో నవ్వుకునేది. అలా ఏడేళ్లు నవ్వుకుంది.

అప్పుడు పశువుల డాక్టరు ఒకామె బదిలీ మీద వచ్చి పార్కు జట్టులో చేరింది. పొట్టి జుట్టు, పెద్ద చేతులు, తక్కువ మాటలు. వదిన ఆమెను వెంటేసుకుని ఇంటికి తెచ్చింది.

"ఇదిగో డాక్టరుగారూ, మా మరదలు. దీని చేతిలో ఏముందో ఏమోగానీ, మనిషిని చూస్తే చాలు, జంతువు దిగిపోతుంది. కూర్చోండి, టీ పెట్టుకొస్తాను. పాలెక్కడుంటాయో నాకు తెలుసులే అమ్మా, నువ్వు లేవకు."

వదిన వంటింట్లోకి వెళ్లింది. డాక్టరు కూర్చోలేదు. గది ఈ మూల నుంచి ఆ మూలకు కట్టిన తాడు మీద ఆరుతున్న సంచుల్ని ఒక్కొక్కటే చూస్తూ నడిచింది. ఒక దాని ముందు ఆగి, వంగి, మళ్లీ నిటారుగా నిలబడింది.

"ఈ ఆవుకి గాలికుంటు."

బొమ్మలావిడ చేతిలో కుంచె ఆగిపోయింది. "ఏంటండీ?"

"నోట్లో పుండ్లు, చొంగ, గిట్టల మధ్య కూడా వేశారు. బాగా వేశారు." పక్కదానికి జరిగింది. "ఈ కుందేలుకి పళ్లు పెరిగిపోయి దవడ వాచింది. దీనికి చెవిగజ్జి. ఇది..." కళ్లజోడు పైకి నెట్టుకుంది. "ఇది పిచ్చికుక్క కదండీ? ఎవరిదీ?"

"హోమియోపతి డాక్టరుగారి భార్యది."

"ఇన్నిట్లో ఒక్కటైనా బతికి బట్టకట్టేది ఉందా?"

వంటింట్లో గిన్నె చప్పుడైంది. వదిన ఎవరితోనో ఫోన్లో మాట్లాడుతూ పెద్దగా నవ్వుతోంది. బొమ్మలావిడకు గుండె దడదడలాడింది. అది భయం కాదని ఆమెకు ఒక్క క్షణం తర్వాత అర్థమైంది. ఏడేళ్లలో మొదటిసారి ఎవరో తన బొమ్మను చూశారు. ఉన్నదున్నట్టు చూశారు. లేచి, కుర్చీ మీదున్న గుడ్డపేలికలు తీసేసి, "కూర్చోండి" అంది. ఎవరికీ ఆమె అలా కుర్చీ ఖాళీచేసి ఇవ్వదు.

డాక్టరు గొంతు తగ్గించింది. "వాళ్లు మీకేం చేశారు?"

"ఏమీ చెయ్యలేదు."

"మరి?"

"ఏమీ చెయ్యరు. నడుస్తారు, మాట్లాడతారు, ఇంటికి పోతారు. మళ్లీ నడుస్తారు. చూస్తే నాకు..." కుంచె గుడ్డకు తుడిచింది. "దయచేసి ఎవరికీ చెప్పకండి."

"నాకేం పని?" అంది డాక్టరు.

మూడో రోజే చెప్పేసింది. చెప్పాలని చెప్పలేదు. పార్కు బెంచీ మీద లెక్చరరు తన గుర్రం ఠీవి గురించి మళ్లీ మొదలుపెట్టేసరికి, వృత్తిలో పాతికేళ్లున్న మనిషి తట్టుకోలేకపోయింది. "అది ఠీవి కాదండీ, ధనుర్వాతం" అనేసింది. ఆ ఒక్కటి చెప్పాక మిగతావాళ్లు ఊరుకుంటారా? అందరూ సంచులు ముందుకు చాపారు. ఆమె వరసగా ఒక్కొక్క దానికీ జబ్బు చెప్పుకుంటూ పోయింది.

బొమ్మలావిడకు సంగతి ఫోన్లోనే తెలిసింది. మొదటి ఫోను లెక్చరరుదే. తిట్లకు సిద్ధపడి, వెనక్కి అనాల్సిన మాట కూడా నోట్లో పెట్టుకుని ఫోనెత్తింది.

"అయితే నాది ధనుర్వాతమంటగా! మా ఇంట్లో నవ్వీ నవ్వీ చచ్చారు. ఎంత గడుసువారండీ మీరు! మా తోటికోడలికొకటి వెయ్యాలి. ఏదైనా గట్టి జబ్బు చూడండి, త్వరగా తగ్గనిది."

తర్వాత గొర్రె చేసింది, మేక చేసింది. మేక తన ఆడపడుచు పేరు చెప్పింది, గొర్రె తన మేనేజరు ఫొటో పంపించింది. పదకొండు గంటలయ్యేసరికి తొమ్మిది కొత్త సంచులు. ఒక్కరికీ రోషం రాలేదు. ఏడేళ్లుగా ఆమె నూరి నూరి దాచుకున్న కత్తిని పట్టుకెళ్లి వాళ్లు ఉల్లిపాయలు తరుక్కుంటున్నారు. ఫోను బల్ల మీద బోర్లించి, "ఛీ, మీ బతుకులు" అంది పైకే.

అప్పుడు వదిన వచ్చింది. గేటు తీసిన చప్పుడైంది, మాట వినబడలేదు. వచ్చి కుర్చీ అంచు మీద కూర్చుంది. సంచి ఒళ్లో పెట్టుకుంది.

"తమ్ముడు లేడా?"

"కొట్టుకెళ్లారు."

"ఊఁ." సంచి పట్టీని వేలికి చుట్టుకుంది, విప్పింది. "డాక్టరు చెప్పింది. కొక్కెర తెగులంట. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను."

బొమ్మలావిడ కుంచె నీళ్లలో పెట్టింది.

"నువ్వు మొట్టమొదట వేసిన సంచి ఇదే కదమ్మా?"

"అవును."

"అప్పటికి వాళ్లెవరూ నీకు తెలీదు. గొర్రె తెలీదు, గుర్రం తెలీదు. నీకు తెలిసింది నేనొక్కదాన్నే." వదిన తలెత్తింది. ఆ మొహంలో మాట లేకపోతే ఎలా ఉంటుందో బొమ్మలావిడ అంతవరకు చూడలేదు. చిన్న మొహం. "ఆ మెడ అలా పొరపాటున తిరిగిందా?"

అవునంటే సరిపోయేది. అవుననిపించుకోవడానికే వదిన రెండు వీధులు నడిచి వచ్చింది. కుర్చీ అంచున కూర్చుని, ఆ ఒక్క మాట కోసం మొహం ముందుకు పెట్టింది. బొమ్మలావిడకు అదంతా కనబడింది. కానీ తన చేతిలో పొరపాటు పడిందని ఆమె జన్మలో ఎవరి ముందూ ఒప్పుకోలేదు. పద్దెనిమిదేళ్లలో ఒక్క పటం కూడా తప్పు పోలేదు.

"పొరపాటు కాదు వదినా. చూసుకునే వేశాను."

వదిన తల ఊపింది. ఒకసారి కాదు, మూడు నాలుగు సార్లు, లోపలేదో సర్దుకుంటున్నట్టు. "బాగా వేశావు" అని లేచింది. వంటింటి వైపు వెళ్లలేదు.

కొత్త సంచుల పని నడవలేదు. లెక్చరరు తోటికోడలికి బొబ్బల దూడను వెయ్యబోతే గీత పడలేదు. వాళ్లు అడిగి వేయించుకునే జబ్బులో ఆమెకేముంది? విసుగొచ్చి, ఆరోగ్యంగా ఉన్న దూడను, నున్నగా, క్యాలెండరు మీది దూడలా వేసి పంపించింది. మర్నాడే వెనక్కి వచ్చింది. "ఇదేంటండీ, దీనికే జబ్బూ లేదు? బాలేదు" అంది లెక్చరరు. డాక్టరు కూడా చూసి, "చచ్చిన దూడలా ఉంది" అందట. ఇక బొమ్మలావిడ అటక మీంచి పాత పటాలు దించి, వాటిని చూసి మక్కికి మక్కి దించడం మొదలుపెట్టింది. ఎవరికీ తేడా తెలియలేదు. వాళ్లకు తెలియకపోవడం ఈసారి ఆమెకు ఏ సుఖమూ ఇవ్వలేదు. అద్దం ముందు మొహం కడుక్కుంటూ ఒకరోజు, నీకూ వాళ్లకూ ఏమిటే తేడా, అనుకుని గబగబా తుడుచుకుంది.

"అక్క లోపలికి రావడం మానేసిందేం?" అన్నాడు భర్త, రెండు నెలలు గడిచాక.

"మీ అక్కనే అడగండి."

"అడిగాను. మోకాళ్లంది."

రెగ్జిన్ అమ్మే దుకాణం వదిన ఇంటి పక్కనే. సంచి తేలేనివాళ్ల కోసం బొమ్మలావిడ కుట్టించే సంచులకు కావాల్సిన చుట్టలు ఇప్పటికీ ఆవిడే తెచ్చేది. ఆ రోజూ తెచ్చి, గేటు లోపలికి చెయ్యి చాపి అరుగు మీద పెట్టింది.

"గోధుమరంగు రెండు, నలుపు మూడు. లేతపచ్చ దొరకలేదు."

"లోపలికి రండి వదినా. టీ పెడతాను."

"తాగే వచ్చానమ్మా."

"ఫ్రిజ్ సరిగ్గా చల్లబడటం లేదు. ఒకసారి చూస్తారా?"

వదిన ఒక్క క్షణం ఆగింది. ఇంటి లోపలికి చూసింది, మరదలి మొహంలోకి చూడలేదు. "రిపేరువాణ్ణి పిలిపించు" అని, మోకాళ్లు నొప్పిలేని మనిషిలా వడివడిగా నడిచి మలుపు తిరిగింది.

బొమ్మలావిడ చుట్టలు లోపలికి తెచ్చి విప్పింది. నల్లవాటిలో ఒకదానికి మధ్యలో మడత పడింది. ఆ మడత మీద రంగు నిలవదు. దుకాణంవాణ్ణి తిట్టింది, వాడికి సరుకు పంపిన కంపెనీని తిట్టింది, ఈ ప్లాస్టిక్ తోలు భుజాన వేసుకుని తిరిగే వాళ్లందరినీ పేరు పేరునా తిట్టింది. ఇంట్లో ఎవరూ లేరు. తిట్లన్నీ అయిపోయాక దూది తీసుకుని, మందులో ముంచి, మెరుపు రుద్దడం మొదలుపెట్టింది.