ఆరాధన ఎందుకు కొరికింది

ఆ మంగళవారం పొద్దున ఆరాధన తల్లి చెవి కొరికింది.

ఆరాధనకు పదమూడేళ్లు. పుట్టినప్పటి నుంచీ మాటల్లేవు. అయినా ఒకరి జోలికి వెళ్లే పిల్ల కాదు. రెండు నెలలుగా మాత్రం తలను గోడకేసి బాదుకుంటోంది, అందినవాళ్లను కొరుకుతోంది. ఆ పొద్దున తల్లి జ్ఞానమణి అన్నం ముద్ద నోటి దగ్గర పెట్టగానే కంచం విసిరేసి ఆమె మీద పడింది. చెవి తమ్మె చీలి జాకెట్టంతా రక్తమైంది. జ్ఞానమణి జుట్టు పట్టి విడిపించుకుంది. పిల్ల మళ్లీ మీదికొచ్చింది. తలుపుకు అడ్డం పెట్టే కర్ర తల్లి చేతికి అందింది.

ఒక్కటేసి ఆగితే బాగుండేది. ఆగలేదు. నాలుగో దెబ్బకు ఎముక విరిగిన చప్పుడు ఆమెకే వినపడింది.

భర్త ప్రభుదాసు గంపలగూడెం రూట్లో షేర్ ఆటో నడుపుతాడు. ఫోన్ చేస్తే వచ్చి, వేలాడుతున్న చేతినీ, నేల మీది కర్రనూ చూశాడు. పిల్లను ఆటోలో ఎక్కించాడు. అతని బెల్టు వాతలు కూడా ఆ పిల్ల వీపు మీద ఉన్నాయి. ఆసుపత్రిలో మెట్ల మీంచి జారిందని ఇద్దరూ ఒకే మాట చెప్పారు.

కట్టు వేశాక ఇంకా కష్టమైంది. ఆ గట్టి కట్టుతోనే ఆరాధన తన దవడ మీద బాదుకునేది. ప్రభుదాసు నైలాను తాడు తెచ్చి రెండో చేతిని మంచం కోడుకు కట్టేశాడు. పిల్ల గింజుకుంటే మణికట్టు చుట్టూ చర్మం లేచిపోయింది. జ్ఞానమణి విప్పలేదు. ముడి మరీ బిగుసుకుంటే కాస్త వదులు చేసేది, అంతే.

అలాంటి పిల్లల తల్లిదండ్రులు తిరువూరులో ప్రతి నెలా రెండో శనివారం కలుస్తారనీ, రమ్మనీ బడి టీచరు కబురు పెట్టింది. కూతుర్ని వదిలి రాలేక వెంటబెట్టుకునే వెళ్లింది జ్ఞానమణి. అక్కడ పిచ్చమ్మ కనపడింది. విస్సన్నపేట వైపు మామిడి తోటలున్న మనిషి, అరవై దాటాయి. పక్కన ముప్పయ్యేళ్ల కొడుకు అనుదీప్. అతనికీ మాటల్లేవు. ఎడమ కన్ను లేదు.

పిచ్చమ్మ ఆరాధన మణికట్టు చూసి జ్ఞానమణిని వరండా చివరికి తీసుకెళ్లింది.

"కట్టేస్తున్నావా?"

"లేదండి."

"నా దగ్గర దాస్తే ఏం లాభం? మావాణ్ణి తోట షెడ్డులో రెండేళ్లు గొలుసేసి ఉంచాం. ఆ కన్ను చూశావుగా. నేను కొట్టిన దెబ్బకే పోయింది."

జ్ఞానమణి తల దించుకుంది. "చెయ్యి నేనే విరగ్గొట్టానండి," అంది.

పిచ్చమ్మ తిట్టలేదు, ఓదార్చనూ లేదు. "ఎప్పట్నించి కొరుకుతోంది?"

"రెండు నెలలు దాటిందండి."

"ఏ వేళప్పుడు?"

"అన్నం పెట్టేటప్పుడేనండి ఎక్కువ."

"తల ఏ వైపు కొట్టుకుంటది?"

"కుడి వైపు. ఎప్పుడూ కుడి వైపే." ఆ మాట అంటూనే జ్ఞానమణి కూతురి కుడి దవడ వైపు చూసింది.

"నోట్లో చూశావా?"

"చూడనిస్తుందా అండి?"

"మావాడికి చెవిలో చీము. నెప్పని చెప్పే నోరు లేక మమ్మల్ని కొట్టాడు. పిచ్చి ముదిరిందనుకుని మేం వాణ్ణి కొట్టాం. ముందు పళ్ల డాక్టరు దగ్గరికి పద."

ప్రభుదాసుకు ఫోన్ చేసి పిలిపించారు. పళ్ల డాక్టరు కుర్చీలో ఆరాధనను ముగ్గురూ పట్టుకున్నా ఆగలేదు. పరికరాల ట్రే ఎగిరిపడింది. చేతికట్టు ప్రభుదాసు ముక్కుకు తగిలి బొటబొటా రక్తం కారింది. అతను చెయ్యెత్తాడు. జ్ఞానమణి మధ్యలోకి వెళ్లింది. ఆ దెబ్బ ఆమె చెంప మీద పడింది. ఆమె పక్కకు జరగలేదు.

"అది నెప్పయ్యా. పొగరు కాదు," అంది.

పిల్ల అరిచిన ఒక్క క్షణంలో డాక్టరు టార్చి వేసి చూశాడు. కుడి వైపు దవడ పళ్లు రెండు పుచ్చిపోయి, చిగుళ్లు చీము పట్టి ఉబ్బి ఉన్నాయి. "ఇంత నెప్పి ఎట్లా ఓర్చుకుందమ్మా? చీముకు మందులిస్తాను. పళ్లు మాత్రం మత్తిచ్చి తియ్యాలి, విజయవాడ తీసుకెళ్లండి," అన్నాడు. ప్రభుదాసు ముక్కు తుడుచుకుంటూ బయటికి వెళ్లి ఆటోలో కూర్చున్నాడు. చాలాసేపు స్టార్ట్ చేయలేదు.

పళ్లు తీయించిన అయిదో రోజు ఆరాధన కంచం మొత్తం ఖాళీ చేసింది. ప్రభుదాసు ఆ తాడు తీసుకెళ్లి ఎక్కడో పడేశాడు. పిల్ల చెయ్యి మాత్రం కాస్త వంకరగా అతుక్కుంది. దువ్వెన పట్టుకుని తల్లి చెయ్యెత్తినా పిల్ల ముడుచుకుపోయేది.

"ఈ భయం ఎప్పటికి పోతుందండి?" అని జ్ఞానమణి అడిగితే, "మావాడికి నాలుగేళ్లు పట్టింది. తాకే ముందు చూపించి, చెప్పి తాకు. ఒళ్లు మండినప్పుడు నువ్వే బయటికి పో," అంది పిచ్చమ్మ.

వేసవిలో ఒక మధ్యాహ్నం ఆరాధన ఉన్నట్టుండి స్టీలు గ్లాసు విసిరింది. జ్ఞానమణి కనుబొమ్మ చిట్లింది. కంట్లోకి రక్తం దిగుతుంటే పిడికిళ్లు బిగిశాయి. ఆమె గబగబా బయటికొచ్చి గుమ్మం మీద కూర్చుని, రెండు చేతులూ తొడల కింద పెట్టుకుంది. లోపల గిన్నెలు పడుతున్నాయి. ఊపిరి నెమ్మదించే దాకా లేవలేదు.

తర్వాత లోపలికి వెళ్లి, కొంచెం దూరంలో నేల మీద కూర్చుంది.

"ఎక్కడమ్మా నెప్పి?"

ఆరాధన గోడకు ఆనుకుని పొత్తికడుపు నొక్కుకుంటోంది. లంగా మీద ఎర్రటి మరక. జ్ఞానమణి అర్థం చేసుకుని, కడుపు కాపడానికి పొయ్యి మీద నీళ్లు పెట్టింది.