చక్రపాణి ఆడిషన్

నాగేశ్వరికి టీవీలో క్రైం సీరియళ్లంటే ప్రాణం. అమీర్‌పేటలో కర్రీ పాయింట్ కట్టేసి ఇంటికి రాగానే రిమోట్ పట్టుకునేది. మోసపోయినవాళ్లను చూస్తే ఆవిడకు ఒళ్లు మండేది. "ఏంటీ పిచ్చిమాలోకాలు! వాడి మొహం చూస్తేనే తెలియట్లా దొంగవెధవని?" అని టీవీని తిట్టిపోసేది. అలాంటావిడ ఇంటికే కన్నం పడింది.

ఆ కన్నం వేసినవాడు చక్రపాణి. సందులో రెండు గదులు, ఒక ఏసీ, మెడకో టై, దాని పేరు కన్సల్టెన్సీ! సాఫ్ట్‌వేర్ ఉద్యోగం ఇప్పిస్తానని ఆవిడ కూతురు హైందవి చేత డబ్బు కట్టించుకున్నాడు. ఫ్రెండ్‌ను తీసుకొస్తే ఫీజులో తగ్గింపన్నాడు. అమీర్‌పేటలో ఏ బోర్డు మీద చూసినా ఉండే మాటే కదా, పిల్ల నమ్మింది. సుమశ్రీని, ధాత్రిని తనే వెంటబెట్టుకెళ్లి చేర్పించింది. ముగ్గురూ ఆఫర్ లెటర్లు పట్టుకుని బేగంపేటలో కంపెనీకి వెళితే, అవి దొంగ కాగితాలని గేటు దగ్గరే తేలిపోయింది.

డబ్బు పోతే పోయింది, ఇంకో నాలుగు కూరలు వండితే వస్తుంది. పరువో? హైందవి కమిషన్ తిని స్నేహితురాళ్లను ముంచిందని ఎవడో వాళ్ల చెవిన వేశాడు. సుమశ్రీ నడిరోడ్డు మీద హైందవి మొహాన "థూ" అంది. ఆ రోజు నుంచి పిల్ల మంచం దిగలేదు, అన్నం సరిగ్గా తినలేదు. ఈలోగా చక్రపాణి పంజాగుట్టలో కొత్త పేరుతో కొత్త బోర్డు తగిలించాడు.

ఆ పుకారు పుట్టించింది వాడేనని నాగేశ్వరి అనుమానం. 'నీ నోటితోనే కక్కిస్తాను రా' అనుకుంది. వాడి వాట్సాప్ స్టేటస్ నిండా నల్లకళ్లద్దాలు పెట్టుకుని విలన్ డైలాగులు కొట్టే వీడియోలే. వాడికి నటన పిచ్చి! ఆవిడకు అది చాలు.

రోజూ కూర కొనుక్కెళ్లే దినేశ్ సీరియళ్లకు లైట్లు పెడతాడు. సంగతి విని, "నువ్వు జర ఫికర్ జెయ్యకమ్మా. క్రైం సీరియల్ల వేషం అంటే ఉరుక్కుంట వస్తడు," అన్నాడు.

నిజంగానే పరుగెత్తుకొచ్చాడు. పంజాగుట్టలో ఒక డాన్స్ క్లాసు హాలు. వాడి కళ్లలోకి పెద్ద లైటు, పక్కనే స్టాండు మీద ఫోన్ కెమెరా. లైటు వెనక చీకట్లో నాగేశ్వరి, ఆవిడ బతిమాలి లాక్కొచ్చిన ఆ ముగ్గురు ఆడపిల్లలు ఊపిరి బిగబట్టి కూర్చున్నారు.

"అన్నా, స్క్రిప్టు లేదు. మోసగాడి వేషం, నీ సొంత మాటలల్ల చెప్పు," అన్నాడు దినేశ్.

వాడు చెలరేగిపోయాడు. వల ఎలా వేస్తాడో, లెటర్ ఎలా తయారుచేస్తాడో పూసగుచ్చినట్టు చెప్పాడు.

"మరి గా పోరిలందరు ఒక్కటై నీ మీదికొస్తే?"

"అంతదాకా రానిస్తానా? వాళ్లను తెచ్చినదాని మీదకే తోస్తాను. కమిషన్ అది తిన్నదని మిగతావాళ్లకు ఎవడిచేతో ఫోన్ చేయిస్తాను. హైందవి అని ఒకత్తి ఉండేది, పైసా ముట్టలేదు పాపం. అంతా దాని మీద పడి ఏడ్చారు, నేను హాయిగా బోర్డు మార్చుకున్నా!" పగలబడి నవ్వాడు. "ఎలా ఉంది? కుమ్మేశానా?"

నాగేశ్వరి హాల్లో లైట్లన్నీ వేసింది.

ఎదురుగా ఉన్నవాళ్లను చూసేసరికి చక్రపాణి మొహంలో నెత్తురు చుక్క లేదు. సుమశ్రీ ఏడుస్తూ హైందవి చెయ్యి పట్టుకోబోయింది. హైందవి చెయ్యి వెనక్కి లాక్కుంది. ఆ పిల్ల చూపంతా వాడి మీదే ఉంది.

"అమ్మా, మీ కాళ్లు పట్టుకుంటా, ఆ వీడియో తీసెయ్యమనండి," అన్నాడు వాడు.

"తీసెయ్యడానికి ఏం లేదు సార్," అంది హైందవి. ఇన్నాళ్లకు ఆ గొంతు గట్టిగా పలికింది. "లైవ్‌లో వెళ్లిపోయింది. మీరు ముంచినవాళ్లందర్నీ అమ్మ పిలిపించింది, కింద టీకొట్టు దగ్గర నిలబడి ఫోన్లలో చూశారు."

మెట్ల మీద అడుగుల చప్పుడు వినిపించింది. వాడు తలుపు వైపు ఉరికాడు. అప్పటికే నాగేశ్వరి కుర్చీ లాక్కుని తలుపుకు అడ్డంగా కూర్చుంది.