పాత బాణం

బురుజు గోడ నుంచి గట్టు అంచు దాకా అడుగుల లెక్క వేశాడు. పోయిన నెల పంతొమ్మిది. ఇవాళ పదకొండు. వెనక్కి వచ్చి మళ్ళీ వేశాడు. పదకొండే.

సముద్రం వెంట ఎత్తయిన గట్టు మీద సాగే నడకదారికి ఇరవై ఆరేళ్ళుగా అతనే కాపలా. ముళ్ళపొదలు నరకడం, జారిన రాళ్ళు సర్దడం, నడిచేవాళ్ళకు దారి తెలిసేలా తెల్ల బాణాలు గీయడం అతని పని. అందుకే అందరికీ బాణాల బాబాయి. గట్టు కోసుకుపోయిన ప్రతిసారీ బాణాలను లోపలికి జరిపేవాడు.

"సముద్రం నీకు వియ్యంకుడా నాన్నా? మీదికొచ్చినప్పుడల్లా జరిగి చోటిస్తావు!" అని కూతురు ఆటపట్టించేది.

ఆ మాట ఇవాళ నవ్వు తెప్పించలేదు. గట్టు బొరియల్లో గూళ్ళు పెట్టే పిట్టలు ఒక్కటీ లేవు. బురుజుకు పొలాలవైపు గడ్డిలో వేలు దూరేంత పగులు. నిన్న లేదది.

ఫోన్ మోగింది. బడి టీచరమ్మ.

"బాబాయ్, వచ్చేస్తున్నాం, నలభైమందిమి. బురుజు మీద ఓడలకు మంట చూపించేవాళ్ళట కదా, ఆ కథ అక్కడే కూర్చోబెట్టి మీరే చెప్పాలి."

"బురుజు దగ్గరకు వద్దు తల్లీ, గట్టు నెర్రెలిచ్చింది. కంచె దగ్గర బాణం వేస్తా, అటు తిప్పెయ్."

"సగంమంది అప్పుడే ఉరికేశారు బాబాయ్! నా మాట వింటారా?"

"బాణం మాట వింటార్లే."

కంచె పక్క రాయిని అరచేత్తో తుడిచి, పొలాలవైపు తిరిగిన బాణం గీశాడు, రంగు కారకుండా, నిదానంగా. కొత్త బాణం గీయడం ఎంతసేపు! పాతది చెరపకపోతే మనిషి దాన్నే నమ్ముతాడు. పాతది బురుజు గోడ మీద ఉంది. దూరానికి కనబడాలని తనే అంత పెద్దగా గీశాడు.

తెల్ల రంగు అక్కడే పెట్టి, నల్ల రంగు డబ్బాతో బురుజు వైపు నడిచాడు. పగులులో ఇప్పుడు పాదం పడుతుంది. దాటాడు. బాణం మొన నుంచి చెరపసాగాడు.

పెద్ద చప్పుడేమీ కాలేదు. బరువైన బస్తా దించినట్టు, ఒక్కసారి.

పిల్లలు కేకలేస్తూ మలుపు తిరిగారు. ముందున్న పాప కొత్త బాణాన్ని ముట్టుకుని, తెల్లబడిన వేలు అందరికీ చూపిస్తూ పొలాలవైపు పరుగెత్తింది. మిగతావాళ్ళు ఆమె వెనకే. ఎవరూ సముద్రం వైపు చూడలేదు. అంతవరకు మేలు.

చివరగా వచ్చిన టీచరమ్మ ఆగిపోయింది. బురుజు ఉండాల్సిన చోట ఆకాశం ఉంది.

"బాబాయ్!" అంది.

రాయి పక్కన తెల్ల రంగు డబ్బా ఉంది. అతను తిరిగి వచ్చేలోగా దుమ్ము పడకుండా మూత వదులుగా వేసి ఉంది. దాని మీద అడ్డంగా బ్రష్షు, ఇంకా తడిగానే.