గడువు బేరం

పాత ఫర్నిచర్ కొట్టు యజమానికి ఒక అలవాటు ఉంది. ఎవరింటికైనా సామాను కొనడానికి వెళ్తే, తనకు కావలసిన బీరువా వంక కన్నెత్తి కూడా చూడడు. ముందు పక్కనున్న కుర్చీ సంగతి అడుగుతాడు. ఆ తరవాత తీరిగ్గా బీరువాకు వంకలు పెడతాడు. తలుపు వంగిందంటాడు, చెక్కలో పురుగుందంటాడు. అమ్మేవాళ్ళకు విసుగు పుట్టి "పట్టుకుపోండి బాబూ" అనేదాకా వదలడు. ఈ విద్యతోనే పరాయి దేశంలో కొట్టు పెట్టాడు, ఇల్లు కొన్నాడు, పౌరసత్వం సంపాదించి ఓటరయ్యాడు.

ఆ ఓటునే పెట్టుబడిగా చేసుకుని ఇప్పుడు తమ ప్రాంత చట్టసభ ప్రతినిధిని కలవడానికి బయలుదేరాడు.

భయమంతా బావమరిది గురించి. అతను ఒక కుర్చీల ఫ్యాక్టరీ ఇప్పించిన పని పర్మిట్ మీద ఈ దేశం వచ్చాడు. ఫ్యాక్టరీ మూతపడింది, దాంతోపాటే పర్మిటూ చెల్లకుండా పోయింది. అప్పటినుంచి బావ కొట్టు వెనక గదిలో పాత బల్లలకు పాలిష్ పెడుతున్నాడు. ఇంట్లోవాళ్ళు అతన్ని 'పాలిష్' అనే పిలుస్తారు. ఇప్పుడు కొత్త చట్టం వస్తోంది. పర్మిట్ లేనివాణ్ణి దొరికినచోటి నుంచే పంపించేస్తారు, చోటిచ్చినవాణ్ణి జైల్లో పెడతారు. ఆ చట్టానికి ఒక సవరణ మాత్రం పెట్టారు: పనిచ్చిన కంపెనీ మూతపడితే వేరే పని చూసుకోవడానికి ఆరు నెలల గడువు ఇవ్వాలని. అది నెగ్గితే పాలిష్‌కు ఈ కొట్టు పేరు మీదే కొత్త పర్మిట్ తీయవచ్చు. ఆ సవరణ పెట్టింది ఈ ప్రతినిధే.

"ఏమండీ, ఆవిడ దగ్గర మీ బేరాలు పెట్టకండి. ఉన్నమాట చెప్పండి" అంది భార్య.

"ఉన్నమాట చెప్తే నాకంటే ముందు పోలీసులే ఇంటికొస్తారు. నాకు తెలుసులేవే."

"బావను వెళ్ళనీ అక్కా. సవరణతో పాటు ఆవిడ కుర్చీలు కూడా సగం ధరకి తెస్తాడు" అన్నాడు పాలిష్ వెనక గదిలోంచి. జోకు బాగానే ఉంది. ఎవరూ నవ్వలేదు.

ప్రతినిధి ఆఫీసు ఒక మందుల షాపు మీద ఉంది. జనం కూర్చునే హాలుకీ ఆవిడ గదికీ మధ్య ఒక్క ప్లైవుడ్ గోడ. లోపల ఒక మూల సెక్రటరీ కుర్రది కంప్యూటర్ ముందు కూర్చుంది. ప్రతినిధి కళ్ళద్దాలు నెత్తి మీదకు తోసుకుని, "చెప్పండి" అంది.

"కొత్త చట్టం గురించండి. ఏదో గడువు ఇస్తారటగా."

"అవును. నేను పెట్టిన సవరణే. మీరేమంటారు?"

ఉన్నమాట నాలుక చివరిదాకా వచ్చింది. ఇంతలో సెక్రటరీ వేళ్ళు టకటకలాడాయి. అంటే ఇక్కడ ప్రతి మాటా కంప్యూటర్లోకి ఎక్కుతోందన్నమాట. భయపడ్డ మనిషి తనకు బాగా వచ్చిన పనే చేస్తాడు.

"గడువులెందుకండీ వాళ్ళకి? ఆరు నెలలిస్తే ఇంకో ఆరు అడుగుతారు. అంతా దండగ" అన్నాడు.

ఇక ఆవిడ తన సవరణను వెనకేసుకొస్తుంది, తను కాస్త కాస్త మెత్తబడతాడు, చివరికి "మీరింతగా చెబుతున్నారు కాబట్టి సరే" అంటాడు. ఇదీ లెక్క.

ఆవిడ వెనకేసుకు రాలేదు. కుర్చీలో వెనక్కి వాలింది.

"మీరూ వలస వచ్చినవారే కదా?"

"అవునండి."

"మీలాంటివాళ్ళ కోసమే దీన్ని మోస్తున్నాను. మా పార్టీలో ఒక్కరికీ ఇష్టం లేదు. మీరే వద్దంటే నేనెందుకు మాటలు పడాలి?" ఆవిడ సెక్రటరీ వైపు తిరిగింది. "సవరణ వెనక్కి తీసుకుంటున్నామని కబురు పెట్టమ్మా. ఈయనన్నది కూడా రాసుకో. సభలో చెప్పడానికి పనికొస్తుంది."

కొనడానికి వచ్చిన సరుకును అమ్మేమనిషి కళ్ళముందే పొయ్యిలో పెడుతోంది.

"ఆగండమ్మా" అన్నాడు. ఆ గొంతు తనదేనా అనిపించింది. "అది... బేరమండి."

"బేరమేంటి?"

"కావలసినదాన్ని వద్దనడం మాకలవాటు. ఆ గడువు నాకు కావాలి."

"మీకెందుకు? మీరు ఓటరు కదా."

గోడ అవతల ఎవరో దగ్గారు. ఆ దగ్గు ఇక్కడికి వినపడిందంటే ఇక్కడి మాట అక్కడికీ వినపడుతుంది. మెల్లగా మాట్లాడదామనుకున్నాడు కానీ మాట ఉన్నపళంగా గట్టిగా ఊడిపడింది.

"మా బావమరిదికండి. మా కొట్టు వెనక..."

"ఆపండి." ఆవిడ ముందుకు వంగింది. "ఎక్కడున్నాడో నాకు చెప్పకండి. రేపు ప్రమాణం చేయించి అడిగితే నేను అబద్ధం ఆడలేను."

"సగం చెప్పేశానండి."

"సగం విన్నాను." నెత్తి మీదే ఉన్న కళ్ళద్దాల కోసం ఆవిడ బల్లంతా తడుముకుంది. ఈవిడకూ భయమే అని అతనికి అర్థమైంది. దాంతో అతనికి ఉన్న కాస్త ధైర్యమూ జారిపోయింది. "సవరణ ఉంచుతాను. నెగ్గుతుందని మాటివ్వలేను. అందాకా అతను మీ దగ్గర లేకపోతే మీకే మంచిది. ఇందాకటిది తుడిచెయ్యమ్మా."

సెక్రటరీ ఏదో మీట నొక్కింది. నిజంగా తుడిచిందో లేదో అతనికి కనబడలేదు.

బయట హాల్లో అందరూ అతన్నే చూస్తున్నారు. ఒకాయన కాళ్ళు ముడుచుకుని దారిస్తూ, "మీ కొట్టు ఆ మూల మలుపులోదే కదండీ?" అన్నాడు. మామూలుగా అడిగాడో, మరెందుకు అడిగాడో. అతను తల ఊపీ ఊపనట్టు ఊపి మెట్లు దిగాడు. దారంతా వెనక చెప్పుల చప్పుడు వినబడుతూనే ఉంది. రెండుసార్లు ఆగి షాపుల అద్దాల్లో తన వెనక వీధిని చూశాడు. తెలిసిన ముఖం ఒక్కటీ కనబడలేదు. తెలియని ముఖాలన్నీ తననే చూస్తున్నట్టున్నాయి.

కొట్టుకు రాగానే షట్టర్ కిందకు లాగి, జరిగిందంతా చెప్పాడు. భార్య తిట్టలేదు. తిడితే బాగుండేది. "ఎక్కడికి పంపుదామండీ వీణ్ణి?" అంది.

పాలిష్ అప్పటికే బట్టలు సంచిలో కుక్కుతున్నాడు. "నేను పోతాను బావా. మీ కొట్టు మీదకు ముప్పు తేలేను."

యజమాని మనసులో లెక్క వేశాడు. పంపేస్తే కొట్టు, ఇల్లు, తను, అన్నీ భద్రం. ఉంచుకుంటే అన్నీ పోవచ్చు. ఒక పక్క అంతా నష్టమే. ఇంత తేలిక లెక్క అతనికి ఎప్పుడూ తగల్లేదు. మరో చోట వీడికి తలుపు తీసేవాడెవడూ లేడని కూడా తెలుసు.

సంచి లాక్కుని అటక మీదకు విసిరేశాడు.

"కూర్చో. ఎక్కడికీ పోవద్దు."

"ఆలోచించావా బావా?"

"ఆలోచిస్తే పంపేస్తాను. మాట్లాడకు."

వీధిలో ఏదో కారు వచ్చి కొట్టు ముందు ఆగింది. తలుపు తీసిన చప్పుడు, అడుగులు. భార్య లైటు ఆర్పింది. వార్నిష్ వాసన నిండిన ఆ గదిలో ముగ్గురూ ఒకరి చెయ్యి ఒకరు పట్టుకుని, ఆ అడుగులు ఎటు పోతాయోనని చెవులొగ్గి నిలబడ్డారు.